అసలు నాదానికి అద్దె ఎంత?

"అసలు" అన్న మాటకున్నంత పొగరు మన భాషలో మరో మాటకు లేదు. అసలు నెయ్యి, అసలు ముత్యాలు, అసలు గద్వాల చీర - ఇలా సరుకుల దగ్గర ఆగినంతవరకూ దానితో నాకు పేచీ లేదు. డబ్బిచ్చి కొనేవాళ్ళం, అడిగి తీరాలి. కాని ఒక మనిషి వాయిస్తూంటే పక్కన నిలబడి, "ఇది అసలు నాదం కాదమ్మా, నకలు" అని పెదవి విరిచేవాళ్ళను చూస్తే మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇవాళ ఆ మంటే ఈ నాలుగు మాటలూ రాయిస్తోంది.

గొడవ ఎలక్ట్రిక్ గిటారు గురించి. "అరవయ్యో పడి దాటిన అత్తగారికి గిటారు గొడవెందుకు?" అని పేజీ తిప్పెయ్యకండి. కాస్త ఓపిక పడితే ఇది మీ అటక మీద పడి ఉన్న వీణ గొడవేనని మీకే తెలుస్తుంది.

మా కోడలు గిటారు వాయిస్తుంది. అందరు అత్తగార్లూ "మా కోడలు పప్పుచారు బాగా చేస్తుంది" అన్నట్టే నేనూ ఈ మాట చెప్పుకుంటాను. ఆ పిల్లకు క్వీన్ అనే ఇంగ్లీషు బృందంలోని బ్రయాన్ మే గిటారంటే ప్రాణం. ఆ బృందంలో పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్శీల బిడ్డే లెండి, మన పంచగనిలో చదువుకున్నాడు. 1975లో వచ్చిన వాళ్ళ "బొహీమియన్ రాప్సడీ" పాటలో మే వాయించిన గిటారు, గిటారులా కాక గొంతున్న మనిషిలా పలుకుతుంది. ఆ పలుకు తన చేతిలోనూ పలకాలని మా కోడలి పంతం. అందుకోసం ఒక పెట్టె కొంది. మన వంటల పుస్తకమంత ఉంటుంది. దాన్ని డిజిటల్ ఆంప్ మోడలర్ అంటారుట.

అది చేసే పని చెబుతాను. మన చిన్నప్పటి రేడియోలు గుర్తున్నాయా? మీట నొక్కితే వెంటనే పలికేవి కావు. లోపల గాజు వాల్వులు ఎర్రగా వేడెక్కాలి, అప్పుడు గొంతు విప్పేవి. గిటారు ఆంప్లిఫయరులో కూడా అవే వాల్వులు. బ్రయాన్ మే వాడే వాక్స్ ఏసీ30 అనే ఆంప్లిఫయరులో ఈఎల్84 అనే వాల్వులు నాలుగుంటాయి. ఆ రకం వాల్వులనే ఆ కాలంలో రేడియోల్లోనూ వాడేవారు. వాల్వుకు మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు పెడితే దాని గొంతు జీరపోతుంది. ఆ జీరలోనే ఉంది అందమంతా. కాని అది రావాలంటే మీట చివరిదాకా తిప్పాలి. తిప్పితే వీధి వీధంతా లేచి కూర్చుంటుంది.

ఈ చిన్న పెట్టె ఏం చేస్తుందంటే, గిటారు తీగ కదలికను సెకనుకు 48 వేలసార్లు కొలిచి, "ఈ మాట ఆ వాల్వుల మధ్య పడితే ఎంత జీరపోయేది, ఆ చెక్కపెట్టెలోని స్పీకరు గుండా వస్తే ఎలా వినిపించేది" అని లెక్క కట్టి, ఆ లెక్కను మళ్ళీ ధ్వనిగా మార్చి చెవిలో వినిపిస్తుంది. లైన్6 వాళ్ళు 1998లో పాడ్ అనే పెట్టె తెచ్చారు. 2011లో జర్మనీ నుంచి కెంపర్ వచ్చింది. అది నిజం ఆంప్లిఫయరు పక్కన కూర్చుని, దాని గొంతు విని, అచ్చు దింపేస్తుంది. ఇప్పుడు ఆ విద్య చిన్న పెట్టెల్లోకీ, కంప్యూటర్లలోకీ దిగివచ్చింది. మా కోడలి పెట్టె ఖరీదు ఓ మాదిరి పట్టుచీర ఖరీదు. ఏసీ30 కొనాలంటే లక్ష దాటే మాట, పైగా బరువు ముప్ఫై కిలోల పైచిలుకు.

ఇక "అసలు" వాదుల ప్రతినిధిగా మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. అతనూ గిటారు వాయిస్తాడు. వాల్వు ఆంప్లిఫయరు ఉంది. అయిదు నిముషాలు విని, "అత్తయ్యా, ఇది ప్లాస్టిక్కు పూల వాసన. మీరుండేది కార్ఖానాలో కదా, నాదం కూడా కార్ఖానాలో పోతపోసినట్టే ఉంది" అని నవ్వాడు. కోడలు ఏమీ అనలేదు. కోడళ్ళు అనరు. అందుకే అత్తగార్లుండాలి.

మొదటి అభియోగం: ఇది నకలు. సరే, మరి ఆ అసలు ఎక్కడ పుట్టిందో చూద్దాం పదండి. 1963లో బ్రయాన్ మే పదహారేళ్ళ కుర్రాడు. కొట్లో ఉన్న గిటార్లు కొనే తాహతు లేదు. తండ్రీ కొడుకులు కలిసి ఇంట్లోనే ఒకటి చేసుకున్నారు. దాని మెడ ఒక పాత చలిపొయ్యి మీది చెక్క. అందులో పురుగు తొలిచిన కన్నాలుంటే అగ్గిపుల్లలతో పూడ్చారు. స్ప్రింగులు ఓ పాత మోటారు సైకిలువి. తీగల్ని ఊగించే కమ్మీ చివర తల్లి అల్లిక సూది ముక్క. మెట్ల మీద గుర్తులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు! అమ్మల్లారా, ప్రపంచం నెత్తిన పెట్టుకున్న ఆ అసలు నాదంలో ఓ ఇల్లాలి గుండీలూ, సూదీ ఉన్నాయి. ఉన్నదాంతో సర్దుకుని, లేనిదాన్ని పుట్టించడమే అందులోని అసలు. మా కోడలు చేస్తున్నది మరేమిటి?

ఇంకో ముచ్చట. 1970లలో ఆ బృందం తమ రికార్డుల అట్టల మీద "సింథసైజర్లు వాడలేదు" అని గొప్పగా అచ్చు వేసుకునేది. 1980లో "ది గేమ్" రికార్డులో వాళ్ళే సింథసైజరు వాడారు. కొంప మునగలేదు. ఆ తరవాత డిజిటెక్ అనే కంపెనీ బ్రయాన్ మే పేరుతోనే, ఆయన నాదాల్ని అనుకరించే పెడల్ అమ్మింది. అసలు మనిషికి లేని అభ్యంతరం మా ఆడపడుచు కొడుక్కెందుకో!

మన ఇంటి సంగతులు మాత్రం తక్కువా? హార్మోనియం మన సంగీతానికి తగదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని గుమ్మం బయటే నిలబెట్టింది. పాలకొల్లు పిల్లవాడు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కచేరీకి కూర్చుంటే, "దాని మీద గమకాలా!" అని సనిగిన పెద్దలున్నారు. అతను జంట తీగలు తీయించి ఒంటి తీగలు వేసుకున్నాడు. గమకం పలికించాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో పోయినప్పుడు దేశమంతా కంటతడి పెట్టింది. వయొలిన్ సంగతి సరేసరి, సముద్రం దాటి వచ్చి త్యాగరాజ కీర్తనల పక్కన పీట వేసుకుంది. ఇవాళ ఏ సంగీతం టీచరు ఇంట్లోనైనా చూడండి, నాలుగు తీగల తంబురా మూల ఉంటుంది, శ్రుతి పలికేది ఎలక్ట్రానిక్ పెట్టె. ఆ పెట్టెకు పసుపూ కుంకుమా పెట్టి దసరాకు పూజ చేస్తాం. గిటారు పెట్టె మాత్రం నకలా?

రెండో అభియోగం: యంత్రం వస్తే సాధన పోతుంది. ఈ మాట అనేవాళ్ళు ఆ యంత్రం ముందు ఒక్క సాయంత్రం కూర్చోవాలి. అందులో "బ్రయాన్ మే" అన్న మీట నొక్కితే బ్రయాన్ మే దిగిరాడు. మిక్సీ కొన్నంతమాత్రాన గోంగూర పచ్చడి కుదిరిందా ఎవరికైనా? పెట్టె ఇచ్చేది వేషం మాత్రమే. తీగను ఎంత వంచాలి, వంచిన చోట ఎలా వణికించాలి, ఎక్కడ ఊపిరి ఆపాలి - ఇవన్నీ వేళ్ళ పని. మా కోడలు పట్టుమని పదిహేను క్షణాలు లేని ఒక ముక్కను ఆర్నెల్లు చేసింది. వేళ్ళ కొసలు కాయలు కాచాయి.

ఆ మే మహానుభావుడు తీగల్ని మీటేది అందరిలా ప్లాస్టిక్కు ముక్కతో కాదు, చెల్లుబాటు పోయిన ఆరు పెన్నీల నాణెంతో. దాని అంచు గాట్లు తీగను గీరితే ఓ చిత్రమైన గరగర వస్తుంది. మా కోడలికి ఆ నాణెం ఎక్కడ దొరుకుతుంది? నా పాత పోపుల డబ్బాలో పావలా కాసులు కొన్ని మిగిలాయి, 2011 జూన్ ఆఖరుతో చెల్లకుండా పోయినవి. ఇంచుమించు అంతే సైజు. తీసి ఇచ్చాను. చెల్లని పావలా చెల్లింది! ఇది సాధన కాదూ?

అసలు నాదంలో ఉన్నదంతా ఆ పెట్టెలో ఉందని నేను అనను. స్పీకరు హోరెత్తినప్పుడు ఆ గాలికి గిటారు తీగలు తమంతట తామే మళ్ళీ కంపించి స్వరం ఆగకుండా సాగుతుందిట. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోనులో ఆ సుఖం లేదు. ఒప్పుకుంటున్నాను. కాని ఆ సుఖానికి అద్దె ఎంతో, అది ఎవరు కడుతున్నారో కూడా మాట్లాడుకుందాం.

మా ఆడపడుచుకు ఊరి చివర సొంత ఇల్లుంది. మేడ మీద గది కొడుక్కి ఇచ్చేసింది. అతను మీట చివరిదాకా తిప్పితే, కింద వాళ్ళ నాన్నగారు టీవీ గొంతు పెంచుకుంటారు. అమ్మ వంటింటి తలుపు వేసుకుంటుంది. మధ్యలో కాఫీ పైకి వెళుతుంది. అది అసలు నాదం! గదీ, తీరికా, నలుగురి ఓర్పూ కలిస్తే పుట్టిన నాదం. అందులో వాల్వుల వాటా ఎంత, వాళ్ళ అమ్మ కాఫీ వాటా ఎంత?

మాది కార్ఖానాలో అపార్టుమెంటు. కంటోన్మెంటు చుట్టూ ఒకప్పుడున్న విశాలమైన ఆవరణలు ఇప్పుడెక్కడివి? గోడకు గోడ, తలుపుకు తలుపు. అటు పక్కనే రాజీవ్ రహదారి. కరీంనగరం బస్సులు తెల్లవార్లూ హారను కొడతాయి. పెళ్ళి ఊరేగింపులో డీజే వాయిస్తే కిటికీ అద్దాలు వణుకుతాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరం నుంచీ నియమాలున్నాయి. డీజే ముందుకు వెళ్ళి వాటిని చదివి వినిపించినవాణ్ణి నేను చూడలేదు. కాని మా కోడలు ఓ సాయంత్రం ఆరున్నరకు చిన్న స్పీకరు తగిలించి పావుగంట వాయిస్తే, పావుగంటకు తలుపు తట్టారు. "ఏమీ అనుకోకండి, ఇంటి కోడలు ఇలా..." అన్నారు. గమనించారా? చప్పుడు గురించి కాదు, కోడలు గురించి.

నాకు ఈ మాట కొత్త కాదు. పుట్టింటివాళ్ళు నాకు బొబ్బిలి వీణ ఇచ్చి పంపారు, ఒకే పనస దుంగలో తొలిచినది. వీణకన్నా మెత్తని నాదం ఉందా లోకంలో? అయినా, "మగవాళ్ళు పేపరు చదువుకునే వేళ టింగు టింగు ఏమిటి" అన్నారు మా అత్తగారి ఇంట్లో. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం వచ్చేపోయేవాళ్ళు, రాత్రి పిల్లల నిద్ర. ఇరవై నాలుగు గంటల్లో వీణకు వేళ దొరకలేదు. అటకెక్కింది. మా తరంలో ఎన్ని వీణలు ఇలా అటకలెక్కాయో, ఒక్కసారి మీ ఇళ్ళలోనే లెక్క పెట్టుకోండి.

మా కోడలు ఆఫీసు నుంచి వచ్చి, వంట చూసి, పిల్లవాణ్ణి నిద్రపుచ్చేసరికి రాత్రి పదవుతుంది. అప్పుడా పెట్టెకు గిటారు తగిలిస్తుంది. బయటికి వినిపించేది తీగల మీద పావలా గీరిన సన్నని చప్పుడు. లోపల ఆ పిల్ల చెవుల్లో వేలమంది కూర్చున్న సభ దద్దరిల్లుతూ ఉంటుంది. నా తరానికి ఈ పెట్టె దొరికి ఉంటే ఎన్ని వీణలు అటకెక్కకుండా ఉండేవో!

ఒక స్నేహితురాలు నన్ను నిలదీసింది. "అయితే ఆడది ఎవరికీ వినపడకుండా వాయించుకోవాలా? అదా నువ్వు చెప్పే స్వేచ్ఛ?" అని. మంచి ప్రశ్న. మా ఆడపడుచు కొడుకు ప్రశ్నలకన్నా వెయ్యి రెట్లు మంచిది. కాదమ్మా, అది స్వేచ్ఛ కాదు, సాధన చేసుకోవడానికి దొరికిన చోటు మాత్రమే. వేళ్ళు తయారయ్యాక సభ కావాలి, స్పీకరు కావాలి, మీట చివరిదాకా తిప్పే హక్కూ కావాలి. కాని చోటు దొరకనివాళ్ళు సభదాకా ఎప్పుడు వెళ్ళారు?

అన్నట్టు, ఆ బ్రయాన్ మే గిటారు కోసం పరిశోధన చదువు సగంలో వదిలేశాడు. మళ్ళీ పుస్తకాలు తీసి 2007లో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి ఖగోళశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకున్నాడు. అప్పటికి అరవై ఏళ్ళు. మగవాడు వదిలేసినదాన్ని అరవయ్యేళ్ళకు అందుకుంటే లోకం చప్పట్లు కొట్టింది. మనం అటక మీది వీణ దింపితే, "ఈ వయసులోనా?" అంటుంది.

కాబట్టి అసలు వాదులారా, నా బేరం ఇది. మీకు అసలు నాదం మీద అంత మమకారమే ఉంటే, ముందు దాని అద్దె మా ఆడపిల్లల తరఫున మీరు కట్టండి. ఓ గది ఇవ్వండి. పగటిపూట ఓ గంట ఇవ్వండి. ఆ గంటసేపు పిల్లవాణ్ణి మీరు ఎత్తుకోండి, కాఫీ మీరు పెట్టండి, తలుపు తట్టినవాళ్ళకు జవాబు మీరు చెప్పండి. అప్పుడు మా కోడలు ఆ పెట్టెను తనే పక్కన పెట్టి మీట చివరిదాకా తిప్పుతుంది. అంతవరకూ మాత్రం, రాత్రి పదింటికి ఒక ఆడది తన చెవుల్లో కట్టుకున్న సంగీత సభ గుమ్మంలో నిలబడి, అసలెంత, నకలెంత అని లెక్కలు చెప్పకండి.