ఇంటి అప్పు ముందే తీరాలి, మోసినవారి పేరు పత్రంలో ఉండాలి

పెద్దపంజాణి మండలంలో గానీ, అటూ ఇటూ ఉన్న పుంగనూరు, పలమనేరులలో గానీ బ్యాంకు రుణంతో ఇల్లు కట్టుకున్న ముస్లిం కుటుంబాన్ని కదిలిస్తే, 'ఈ అప్పు ఎంత త్వరగా తీరితే అంత మేలు' అన్న మాటే మొదట వినిపిస్తుంది. ఈ తొందరకు రెండు కారణాలున్నాయి. మొదటిది ధర్మానికి సంబంధించినది. వడ్డీని ఖుర్ఆన్ నిషేధించింది. గత్యంతరం లేక బ్యాంకు గడప తొక్కినవారికి ప్రతి కంతూ మనసులో ఒక ముల్లే. అటువంటి అవసరంలో రుణం తీసుకోవచ్చునా అన్న విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చలో తీర్పు చెప్పడం మా పని కాదు. అయితే తీసుకున్న అప్పును వీలైనంత త్వరగా తీర్చాలన్న దానిపై ఏ పక్షానికీ పేచీ లేదు.

రెండవ కారణం బతుకుదెరువుకు సంబంధించినది. మనవారిలో నెల తిరిగేసరికి జీతం అందుకునేవారు తక్కువ. టమోటా మండీలో హమాలీ, లారీ డ్రైవరు, పట్టుదారం తీసే కార్మికుడు, మెకానిక్, బెంగళూరులో పనికి పోయి వారానికొకసారి ఇల్లు చేరే మేస్త్రీ, కువైట్‌లో డ్రైవరు: వీరి రాబడి ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. కంతు మాత్రం తేదీ తప్పదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమోటా వంద రూపాయలు దాటింది. అదే టమోటాను కోత కూలి కూడా రాదని తోటలోనే వదిలేసిన ఏళ్లూ ఈ ప్రాంతం చూసింది. ఇటువంటి ఆదాయంతో ఇరవై ఏళ్ల అప్పు మోయడమంటే ఇరవై ఏళ్లు భయంతో బతకడమే.

కాబట్టి అప్పును ముందే తీర్చాలన్న సంకల్పాన్ని మేము పూర్తిగా సమర్థిస్తున్నాము. అయితే ఆ భారాన్ని ఇంట్లో ఎవరు మోస్తున్నారు, మోసినవారికి ఏం దక్కుతున్నది అని కూడా అడగదలచాము.

చట్టం ఇచ్చిన హక్కు

ముందుగా, అప్పును గడువుకు ముందే తీర్చడం బ్యాంకు దయతో జరిగే పని కాదు, అది రుణగ్రహీత హక్కు. ఫ్లోటింగ్ రేటు అని పిలిచే మారే వడ్డీపై ఇచ్చిన ఇంటి రుణాలను ముందే తీర్చినవారిపై జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2012 జూన్‌లోనే బ్యాంకులను ఆదేశించింది. 2025 జులై 2న జారీ చేసిన నిబంధనలు దీనిని మరింత స్పష్టం చేశాయి. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా పునరుద్ధరించిన రుణాల విషయంలో, వ్యాపారేతర అవసరానికి వ్యక్తులు తీసుకున్న మారే వడ్డీ రుణంపై బ్యాంకు గానీ ఫైనాన్సు కంపెనీ గానీ ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయరాదు. కొంత కట్టినా, మొత్తం కట్టినా ఇదే నియమం. డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారన్న ప్రశ్నకు గానీ, ఇన్నేళ్లు గడిచాకే కట్టాలన్న షరతుకు గానీ తావు లేదు. స్థిర వడ్డీ రుణమైతే మాత్రం ఒప్పందంలో ఏమి రాసి ఉందో చదివి తెలుసుకోవాలి.

రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఇంటి అసలు పత్రాలను తిరిగి ఇవ్వాలి, తనఖా నమోదును తొలగించాలి. తన తప్పు వల్ల ఆలస్యం జరిగితే రోజుకు 5,000 రూపాయల చొప్పున రుణదాతే పరిహారం చెల్లించాలి. 2023 సెప్టెంబరు 13 నాటి ఈ ఆదేశం అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమలులో ఉన్నది. రుణగ్రహీత మరణిస్తే వారసులకు పత్రాలు ఇచ్చే పద్ధతిని కూడా రుణ సంస్థ ముందే ప్రకటించి ఉండాలి. 2024 అక్టోబరు 1 తరువాత ఇచ్చే కొత్త రుణాలకు వడ్డీ, రుసుములు, మొత్తం ఖర్చు తెలిపే వివరపత్రాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇచ్చి వివరించాలి. అర్థమయ్యే భాష అంటే మన ఇళ్లలో తెలుగు, ఉర్దూ. చేతికిచ్చిన ఆంగ్ల కాగితం మీద సంతకం పెట్టి రావడం మన అలవాటు కావచ్చు, నిబంధన మాత్రం అది కాదు.

చిత్తూరు కేంద్రంగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. అందులో అప్పున్నవారు తమ పత్రాలు ఇప్పుడు ఎక్కడ భద్రపరచి ఉన్నాయో శాఖను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

లెక్క ఏం చెబుతున్నది?

పది లక్షల రూపాయల రుణం, నూటికి ఏడాదికి 9 వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుందాం. నెల కంతు 8,997 రూపాయలు. మొదటి నెల కంతులో 7,500 వడ్డీకే పోతుంది, అసలుకు చేరేది 1,497 మాత్రమే. మొదటి ఏడాదంతా దాదాపు 1,08,000 రూపాయలు కట్టినా అసలులో తగ్గేది 19,000 లోపే. ఇరవై ఏళ్లలో కట్టే మొత్తం 21 లక్షల 59 వేలు. అంటే అసలు కంటే వడ్డీయే ఎక్కువ.

ఇదే రుణానికి మొదటి నుంచీ నెలకు వెయ్యి రూపాయలు అదనంగా కట్టగలిగితే అప్పు పదిహేనున్నర ఏళ్లకే తీరుతుంది. దాదాపు మూడు లక్షల వడ్డీ మిగులుతుంది. ఒకేసారి 50,000 రూపాయలు మొదటి ఏడాది చివర కడితే సుమారు 27 కంతులు తగ్గుతాయి. అదే 50,000 పదిహేనో ఏడు చివర కడితే తగ్గేవి ఎనిమిదే. ముందు కట్టిన రూపాయికే బలమెక్కువ.

అయితే ప్రతి ఇంటికీ ఇదే మొదటి అడుగు కాదు. చేబదులు తెచ్చిన అప్పు రెండు రూపాయల వడ్డీ మీద నడుస్తుంటే, అది ఏడాదికి నూటికి 24. ఆ లెక్కన 50,000కు ఏడాదిలో 12,000 పోతుంది. ఇంటి రుణంలో అదే 50,000 కట్టి మిగుల్చుకునేది ఏడాదికి 4,500. కనుక ముందు తీర్చవలసింది చేబదులునే. ఆ తరువాత జబ్బుకో, పని దొరకని నెలలకో రెండు మూడు కంతుల సొమ్ము పక్కన పెట్టుకోవాలి. ఉన్నదంతా తీసుకెళ్లి బ్యాంకులో కట్టి, మరుసటి నెల ఆసుపత్రి ఖర్చుకు మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతే ఒరిగేదేమీ లేదు.

రాబడి నెలనెలా సమానంగా లేనివారు నెలకింత అని గిరి గీసుకోనక్కరలేదు. పంట అమ్మినప్పుడు, చీటీ చేతికొచ్చినప్పుడు, కువైట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు వీలైనంత కట్టవచ్చు. ఆ సొమ్మును అసలులోనే జమ చేయాలని, కంతు మొత్తాన్ని కాక గడువును తగ్గించాలని రాతపూర్వకంగా కోరాలి. కట్టిన తరువాత మిగిలిన అసలు ఎంతో చూపే పట్టిక తీసుకోవాలి.

లెక్కలో కనబడని మనుషులు

ఇంతవరకూ చెప్పినది కాగితం మీది లెక్క. ఇంటిలోపల మరో లెక్క నడుస్తుంటుంది. అదనంగా కట్టే ఆ వెయ్యి రూపాయలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

చాలా ఇళ్లలో అది ఇల్లాలి కష్టం నుంచి వస్తున్నది. తెల్లవారుజామున పాలు పిండి కేంద్రానికి పంపేది ఆమె. వంట, పిల్లల బడి, అత్తమామల మందులు చూసుకుని, మధ్యాహ్నం కుట్టు మిషన్ ముందు కూర్చునేదీ ఆమే. భర్త బెంగళూరులోనో కువైట్‌లోనో ఉంటే బ్యాంకుకు నడిచేది కూడా ఆమే. ఇంటి పత్రంలో మాత్రం తరచూ ఆమె పేరు ఉండదు. 'మా ఆయన ఇల్లు విడిపించాడు' అని ఆమే చెప్పుకుంటుంది.

కొన్ని ఇళ్లలో ఆమె బంగారం కూడా కరుగుతుంది. మహర్‌గా వచ్చిన నగ ఆమె సొంత ఆస్తి. దానిపై భర్తకు గానీ, అత్తింటివారికి గానీ ఎటువంటి హక్కూ లేదు. ఇష్టపడి ఇస్తే అది ఆమె ఔదార్యం. అడగలేక, కాదనలేక ఇస్తే దానిని ఇష్టమని ఎలా అనగలం? అప్పును రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని సూరహ్ బఖరాలో అల్లాహ్ వివరంగా ఆదేశించాడు. బయటివారితో రాసుకునే మనం ఇంట్లోని ఆడమనిషి దగ్గర తీసుకున్నప్పుడు మాత్రం ఎందుకు రాయము? ఆమె నగ ఇంటి అప్పులోకి వెళ్లితే రెండింటిలో ఒకటి జరగాలి: ఇంటిలో ఆమె వాటా పత్రంలో నమోదు కావాలి, లేదా ఆమెకు తిరిగి ఇవ్వవలసిన బాకీ కాగితం మీదికి ఎక్కాలి. రేపు తలాక్ వచ్చినా, భర్త మరణించి వారసత్వ పంపకం జరిగినా ఆమె చేతిలో మిగిలేది ఆ కాగితమే.

మరో మూల కూడా ఉంది. 'ఇల్లు విడిపించేదాకా ఓపిక పట్టు' అన్న మాట ఎక్కువగా కూతురికే చెబుతాము. ఇంటర్ తరువాత పుంగనూరుకో మదనపల్లెకో కాలేజీకి పంపే బస్సు ఖర్చు, ఫీజు ముందుగా కోతకు గురవుతాయి. మైనారిటీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ప్రీ మెట్రిక్ ఉపకారవేతనాన్ని 2022లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు నిలిపివేశారు. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ అదే ఏడాది ఆపేశారు. ప్రభుత్వం చేయి వెనక్కి తీసుకున్న చోట తండ్రి కూడా తీసుకుంటే ఆ పిల్లకు దిక్కెవరు? నాలుగేళ్ల ముందు ఇల్లు విడిపించడానికి కూతురి నలభై ఏళ్ల సంపాదనను తాకట్టు పెట్టడం ఏ లెక్కలోనూ లాభం కాదు.

తొందరపాటు, ఉచ్చులు

అప్పు త్వరగా తీర్చాలన్న ఆరాటాన్ని సొమ్ము చేసుకునేవారూ ఉంటారు. 'హలాల్ లాభం' పేరిట డబ్బు సేకరించిన బెంగళూరు ఐఎంఏ సంస్థ 2019 జూన్‌లో కుప్పకూలినప్పుడు మునిగినవారిలో అత్యధికులు మన సాధారణ కుటుంబాలే. నెలనెలా లాభం వస్తే కంతు దానితోనే కట్టేయవచ్చన్న ఆశ ఎంత ప్రమాదకరమో ఆ పతనం చూపింది. బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువ ఇస్తామని ధర్మం పేరు చెప్పి ఎవరు వచ్చినా, ముందు వారి లైసెన్సు అడగాలి. చేతిలో ఉన్న లక్ష రూపాయలకు ఇంటి అప్పులో కట్టడం కంటే భద్రమైన, నిశ్చయమైన ఉపయోగం సామాన్యుడికి అరుదుగా దొరుకుతుంది.

మనం అడగవలసినవి, చేయవలసినవి

ముస్లిములకు బ్యాంకు రుణాలు తగినంత అందడం లేదని, కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల మండలాలుగా గుర్తించి రుణాలకు దూరంగా ఉంచుతున్నాయని సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికలో నమోదు చేసింది. బ్యాంకు కాదన్నవాడు ఎక్కువ వడ్డీ వసూలు చేసే ఫైనాన్సు కంపెనీ దగ్గరికి పోక తప్పదు. వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించాలని రఘురామ్ రాజన్ కమిటీ 2008లో సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. ఈ రెండు తలుపులూ మూసుకున్న చోట, మన కుటుంబం ఎక్కువ వడ్డీ కట్టడం దాని అజ్ఞానం వల్లనే అనడం అన్యాయం. రుణ దరఖాస్తును తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడుగుదాం. ఫిర్యాదుకు 30 రోజుల్లో రుణ సంస్థ జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయిద్దాం. దానికి ఖర్చు లేదు, వకీలూ అక్కరలేదు.

మన జమాఅతుల బాధ్యత కూడా తక్కువది కాదు. 1961లో దేవ్‌బంద్‌లో ఏర్పడిన ముస్లిం ఫండ్, చిన్న పొదుపులతో వడ్డీ లేని అప్పులు ఇవ్వవచ్చని చూపించింది. ప్రతి పట్టణంలో అంత పెద్ద సంస్థ కట్టలేకపోవచ్చు. కానీ మస్జిద్ కమిటీ నెలకొకసారి, జుమా నమాజ్ తరువాత, లెక్క తెలిసిన ఇద్దరు యువకులను కూర్చోబెట్టి అప్పు పత్రాలు చదివి వినిపించవచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే, ఇంటి గుట్టు చెప్పుకోవడానికి ఆడవారు ముందుకు వస్తారు. కంతు తప్పే ప్రమాదంలో ఉన్న ఇంటికి బైతుల్‌మాల్ నుంచి కర్జె హసనా ఒకటి రెండు కంతులకు అందినా, ఆ ఇల్లు వడ్డీ వ్యాపారి చేతిలో పడకుండా నిలుస్తుంది.

కుటుంబాలకు మేము విన్నవించేది ఇది. ఈ నెలలో ఒక సాయంత్రం ఇంట్లో పెద్దలూ, బడికి పోయే పిల్లలూ కూడా కూర్చోండి. మిగిలిన అసలు ఎంత, వడ్డీ ఎంత, వచ్చే ఏడాది అదనంగా ఎంత కట్టగలమో ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ అదనం ఎవరి చెమట నుంచి వస్తున్నదో పక్కనే రాయండి. ఏ పేరు పక్కన ఎక్కువ రాశారో ఆ పేరు ఇంటి పత్రంలో ఉన్నదా లేదా చూడండి. లేకపోతే, అప్పు తీరి పత్రాలు చేతికొచ్చే రోజున సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో మొదటి పని అదే కావాలి.