ముందు ఉమ్మడి, వెనుక సొంతం

ఇంగ్లండులోని బాత్ నగరంలో 1767–1774 మధ్య నిర్మితమైన రాయల్ క్రెసెంట్ దూరానికి ఒకే రాజప్రాసాదంలా కనిపించినా, నిజానికి అది గోడలు కలిసిన 30 ఇళ్ల వరుస. ఇటువంటి వరుసను అక్కడ టెర్రస్ అంటారు. ప్రతి రెండు ఇళ్ల నడుమ ఒకే ఉమ్మడి గోడ ఉండడం, ఇల్లు వెడల్పులో కుదించుకుని లోతులోనూ ఎత్తులోనూ పెరగడం, వీధివైపు ముఖభాగాలు ఒకే తీరున సాగడం దీని ప్రధాన లక్షణాలు. నేలనూ ఖర్చునూ పొదుపు చేసే ఈ పద్ధతి ఆ దేశంలో సంపన్నులకూ కార్మికులకూ సమానంగా అక్కరకు వచ్చింది. రాయల్ క్రెసెంట్ గొప్పతనమంతా దాని వైభవంలోనే ఉందనుకోవడం సరికాదు; సొంత ఇంటి మీద యజమానికి ఉన్న హక్కు ఎక్కడ ముగిసి, వీధికి ఉన్న హక్కు ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు అది రాతిలో సమాధానం చెప్పింది.

దీని రూపకర్త చిన్న జాన్ వుడ్. ఆయన తండ్రి పెద్ద జాన్ వుడ్ అదే నగరంలో సర్కస్ అనే వలయాకారపు ఇళ్ల సముదాయాన్ని 1754లో ప్రారంభించి ఆ ఏడాదే మరణించగా, దాన్ని పూర్తిచేసిన కుమారుడు, అక్కడికి దగ్గరలోనే ఒక పచ్చిక వాలుకు అభిముఖంగా, అర్ధ దీర్ఘవృత్తం ఆకారంలో ఈ కొత్త వరుసను తీర్చాడు. నేల అంతస్తును దాదాపు అలంకారం లేకుండా వదిలి, దానిమీద 114 అయోనిక్ స్తంభాలను, అంటే శిరోభాగాన ఇరువైపులా చుట్టలు తిరిగిన గ్రీకు సంప్రదాయపు స్తంభాలను, రెండు అంతస్తుల ఎత్తున నిలిపాడు. ఆ స్తంభాల లయ ఇంటింటికీ తెగిపోకుండా వంపు పొడవునా సాగడం వల్ల, ఏ ఇల్లు ఎక్కడ ముగుస్తుందో చూపరికి వెంటనే తెలియదు. తేనెరంగు ఛాయ గల స్థానిక సున్నపురాయి, బాత్ రాయి, ఆ ఏకత్వాన్ని మరింత గట్టిపరిచింది.

అయితే ఈ ఏకత్వం ముఖభాగానికే పరిమితం. కొనుగోలుదారు ముఖభాగంలో కొంత నిడివిని కొని, దాని వెనుక తనకు నచ్చిన వాస్తుశిల్పితో తన అవసరాలకు తగిన ఇంటిని కట్టించుకునేవాడు. అందుకే వెనుకవైపు లోతులు, కప్పుల ఎత్తులు, కిటికీల వరుసలు ఒకదానితో ఒకటి పొసగవు. దీన్ని డాంబికమని తీసిపారేసేవారు ఉన్నారు గానీ, ఆ విమర్శ న్యాయం కాదు. నలుగురూ చూసే భాగంలో నలుగురి మాటకూ కట్టుబడి, తాను బతికే భాగంలో తన ఇష్టాన్ని నిలుపుకోవడం మోసం కాదు, పౌర ధర్మం. 1942 ఏప్రిల్‌లో జర్మన్ బాంబుదాడులకు 2, 17 నంబర్ల ఇళ్లు లోపల కాలిపోయినా, వాటిని బాగుచేసి వరుసను మళ్లీ నిలబెట్టారు. ఈనాడు 1వ నంబరు ఇల్లు మ్యూజియంగా, నడిమి భాగం హోటలుగా, మరికొన్ని ఇళ్లు ఫ్లాట్లుగా మారినా వీధి రూపం చెదరలేదు. లోపలి మార్పుకు చోటు ఇచ్చినందువల్లే వెలుపలి స్థిరత్వం ఇన్నాళ్లు నిలిచింది.

ముందు ఉమ్మడి, వెనుక సొంతం అన్న ఈ ఒప్పందానికి హద్దులు ఎక్కడన్నది 1970లలో వివాదమైంది. 22వ నంబరు ఇంటి యజమానురాలు తలుపుకు పసుపు రంగు వేయించగా, తెలుపు వేయాలని నగర పాలకసంస్థ నోటీసు ఇచ్చింది. ఆమె కేంద్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకుని గెలిచింది. ఆ తీర్పు సరైనదే. వంపు, రాయి, స్తంభాల క్రమం, కిటికీల కొలతలు వరుసకు ప్రాణం కాగా, రంగు మళ్లీ మార్చుకోగల విషయం. ఏది మారితే వరుస చెదురుతుందో, ఏది మారినా చెదరదో తేల్చుకోలేని సంరక్షణ తన బలాన్ని అల్ప విషయాల మీద ఖర్చు చేసుకుంటుంది.

అంతకంటె పెద్ద నష్టం సామాన్యుల వీధుల్లో జరిగింది. యుద్ధానంతర దశాబ్దాల్లో, రాయల్ క్రెసెంట్, సర్కస్ వంటి ప్రసిద్ధ కట్టడాలను కాపాడుతూనే, చేతివృత్తులవారూ చిన్న వ్యాపారులూ నివసించిన జార్జియన్ కాలపు, అంటే జార్జి రాజుల ఏలుబడినాటి, చిన్న టెర్రస్‌లను పునర్నిర్మాణం పేరిట కూల్చివేశారు. ఆడమ్ ఫెర్గుసన్ 1973లో వెలువరించిన గ్రంథం ఈ విధ్వంసాన్ని దేశం దృష్టికి తెచ్చింది. 1987లో నగరానికి ప్రపంచ వారసత్వ హోదా దక్కేనాటికి ఆ వీధులు తిరిగి రాని స్థితికి చేరుకున్నాయి. ఒక్కొక్కటిగా చూస్తే వాటిలో చాలా ఇళ్లు సాధారణమైనవే. కానీ టెర్రస్ విలువ ఏనాడూ ఒక్క ఇంటిలో లేదు. రాయల్ క్రెసెంట్‌లో ముప్ఫై ఇళ్లు కలిసి సాధించినదాన్నే, ఆ చిన్న వరుసలన్నీ కలిసి నగరం మొత్తానికి సాధించాయి. కనుక వారసత్వ చట్టాలు కిరీటం వంటి కట్టడాన్ని గుర్తించడంతో ఆగక, ఆ కట్టడానికి అర్థాన్నిచ్చే మామూలు వీధికీ అదే రక్షణ కల్పించాలి.