థర్మాకోల్ మనకెందుకు?



సైన్సు ఫెయిరు తేదీ నోటీసు బోర్డు మీద పడితే చాలు, మన డార్మెటరీల్లో ఒకటే మాట. "సంతకి ఎవరు వెళ్తున్నారే? థర్మాకోల్ తెప్పించాలి!" షీట్లు, చార్టులు, మెరుపుల కాగితం, జిగురు డబ్బా, రంగు సీసాలు అన్నీ కలిపితే ఒక్కో బృందానికి మూడు నాలుగు వందలు అవుతుంది. ఈ డబ్బు ఎక్కడిది? సబ్బులకీ, కొబ్బరినూనెకీ, సెలవులకి ఇంటికి వెళ్ళే బస్సుకీ అమ్మానాన్నలు ఇచ్చినది. చింతపండు, అడ్డాకులు మోసుకెళ్ళి సంతలో అమ్మి ఇచ్చినది. ఫెయిరు అయిన వారానికి ఆ తాజ్‌మహళ్ళు, ఆ అగ్నిపర్వతాలు ఎక్కడుంటాయి? వంటశాల వెనక చెత్తకుప్ప మీద!

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. బొమ్మలకీ, నమూనాలకీ పిల్లలు బజారులో ఏదీ కొనకూడదని మన స్కూల్లో నియమం పెట్టాలి. హాస్టల్లో పారేసేవి, ఊళ్ళో ఊరికే దొరికేవి, వీటితోనే చెయ్యాలి. తప్పనిసరిగా కొనవలసింది ఉంటే స్కూలు కొనాలి గాని పిల్లలు కాదు.

ఎందుకంటారా? పోయినేడాది మా తరగతిలో ఒక అమ్మాయి ఏ బృందంలోనూ చేరలేదు. వంతు డబ్బులు లేవు. అందరూ "దానికి ఇవన్నీ రావులే" అన్నారు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న వెదురు చీల్చి తట్టలు, చేటలు అల్లుతాడు. తను అడ్డాకులు వెదురు పుల్లలతో కుడుతుంటే మనం లెక్కపెట్టేలోపు విస్తరి అయిపోతుంది. ఆ చేతులకి పని రాదా? 'పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు' అని పెద్దలు ఊరికే అనలేదు. ఆనపబుర్రలో చోడి అంబలి పట్టుకెళ్ళేవాళ్ళం, ఆ బుర్ర ఎలా ఎండబెట్టాలో తెలిసినవాళ్ళం. అలాంటి మనం థర్మాకోల్ కొయ్యడమే కళ అనుకుంటున్నాం. పైగా అలంకరణకి వాడే థర్మాకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అది మట్టిలో కలవదు, ఆవులు తింటే కడుపులో ఉండిపోతుంది.

"కొనకపోతే ఏం చేస్తాం?" అని అడుగుతారు. మన హాస్టల్లోంచే మూడు పనులు చెబుతాను.

మొదటిది అగ్గిపుల్లలు. వంటశాలలో వాడేసిన పుల్లలు ఏరి, కాలిన చివర విరిచేసి అన్నీ ఒకే పొడుగు చెయ్యాలి. సైకిలు షాపులో వాల్వు ట్యూబు అని సన్నటి రబ్బరు గొట్టం దొరుకుతుంది. దాన్ని గోరంత ముక్కలు కొయ్యాలి. ముక్కకి అటొక పుల్ల, ఇటొక పుల్ల దూర్చితే కీలు తయారు. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగు పుల్లలతో చతురస్రం చేసి నొక్కి చూడండి. చతురస్రం పక్కకి ఒరిగిపోతుంది. త్రిభుజం కదలదు! ఇంటి కప్పుకి వాసాలు అలా ఎందుకు కడతారో, కరెంటు టవరుకి అడ్డ కమ్మీలు ఎందుకు వేస్తారో లెక్కల పుస్తకం చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇది నా సొంత కల్పన కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పల్లెటూరి బడులకి ప్రయోగాలతో సైన్సు చెప్పాలని 1972లో ఒక కార్యక్రమం మొదలైంది. కాన్పూరు ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా గారు అక్కడ పనిచేస్తూ ఈ పుల్లల ఆట తయారుచేశారు. ఆయన జీవితమంతా చెత్తలోంచి బొమ్మలు చేసి పిల్లలకి చూపించారు. 2018లో ప్రభుత్వం ఆయనకి పద్మశ్రీ ఇచ్చింది. చెత్త అని మనం ఊడ్చేసేదానికి ఎంత విలువ ఉందో చూడండి.

రెండోది త్రాసు. కొబ్బరికాయ కొడితే కళ్ళు లేని సగం చిప్ప వస్తుంది గదా, అలాంటివి రెండు కావాలి. ఒక వెదురు బద్దకి సరిగ్గా మధ్యన దారం కట్టి, రెండు చివర్లా చిప్పలు వేలాడదియ్యండి. ఒక వైపు బరువైతే రెండోవైపు బద్దకి చిన్న గుడ్డముక్క చుట్టి సరిచెయ్యండి. మరి తూకపు రాళ్ళు? దగ్గుమందు సీసా మూత మీద 5 మి.లీ. గీత ఉంటుంది. 5 మి.లీ. నీళ్ళు 5 గ్రాములు తూగుతాయి. ఒక చిప్పలో పది మూతల నీళ్ళు పోస్తే 50 గ్రాములు. రెండో చిప్పలో కడిగిన నూనె ప్యాకెట్టు ముక్క వేసి, త్రాసు సరితూగేదాకా అందులో ఇసుక పొయ్యండి. ఆ ఇసుకని మూట కడితే అదే మన 50 గ్రాముల రాయి! సంతలో ఎవరైనా తక్కువ తూస్తే రేపు మనం పట్టుకోగలం. ఆ మాట కోసమైనా ఈ త్రాసు ప్రతి ఊళ్ళో ఉండాలి.

మూడోది గుడ్ల అట్టలు. మనకి గుడ్డు పెట్టే రోజు 30 గుడ్ల అట్టలు ఎన్ని బయటపడతాయో వంట అక్కలని అడగండి. వాటిని చింపి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మెత్తగా పిసికి, నీళ్ళు పిండేసి జిగురు కలిపితే బంకమట్టిలా వస్తుంది. దానితో కొండలు, లోయలు పెట్టి మన ప్రాంతం పటం చెయ్యవచ్చు. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల్లోంచి పారే గోస్తని నది ఎటు వంపు తిరుగుతుందో వేలితో తడిమి తెలుసుకోవచ్చు. జిగురు కూడా కొనొద్దు. చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికిస్తే గట్టి జిగురు తయారవుతుంది. కొండపల్లి బొమ్మలవాళ్ళు తెల్లపొణికి కర్రతో చేసిన బొమ్మకి చేతులు, కాళ్ళు అతికించేది చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతోనే. చింతపిక్కలకి మనకి కరువా చెప్పండి!

ఇప్పుడు వార్డెన్ మేడమ్ గారు ఏమంటారో కూడా ఆలోచించాను. "బ్లేడ్లతో చేతులు కోసుకుంటారు." ఇంటి దగ్గర కత్తిపీట మీద కూరలు తరుగుతున్నాం, కొడవలితో కోత కోస్తున్నాం మేడమ్. అయినా మీ భయం న్యాయమే. అందుకే బ్లేడ్లు వద్దు. కత్తెరలు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. "చెత్త పేరుకుపోతుంది, పురుగు చేరుతుంది." కడిగి ఎండబెట్టినవే దాచుకుంటాం. నెలాఖరుకి వాడనివి మేమే తీసేస్తాం. "పదో తరగతి రిజల్టు ముఖ్యం." ముఖ్యమే. కాని త్రిభుజం చేత్తో చేసినవాళ్ళు పరీక్షలో దాన్ని మరిచిపోతారా?

పై అధికారులకి నచ్చదేమో అన్న అనుమానం కూడా అక్కరలేదు. చేతిపనితోనే చదువు నడవాలని గాంధీ గారు 1937లో వార్ధాలో చెప్పారు. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచీ లేకుండా ఊళ్ళోని వడ్రంగి, కుమ్మరి వంటివారి దగ్గర పని చూసి నేర్చుకోవాలని రాశారు. మన తల్లిదండ్రుల్లో అల్లేవాళ్ళున్నారు, చెక్కేవాళ్ళున్నారు. వాళ్ళు మన బడికి వేలిముద్రలు వెయ్యడానికి, సంతకాలు పెట్టడానికే ఎందుకు రావాలి? ఒక్క రోజు మాస్టారులా వచ్చి కూర్చోకూడదా?

కాబట్టి మేడమ్ గారికీ, ఉపాధ్యాయులకీ మా మనవి:

1. వరండాలో ఒక పాత అట్టపెట్టె పెట్టించండి. పనికొచ్చే పారేత సామాను అందులో వేస్తాం.
2. డార్మెటరీకి రెండు కత్తెరలు, ఒక దబ్బనం, కొంచెం వాల్వు ట్యూబు స్కూలు తరఫున ఇప్పించండి.
3. ఆదివారం సాయంత్రం ఒక గంట దీనికి కేటాయించండి.
4. ఈసారి ఫెయిరులో కొన్న సామానుకి మార్కులు వద్దు. "ఇది విరిగితే నువ్వే బాగుచెయ్యగలవా?" అని అడిగి మార్కులు వెయ్యండి.
5. తట్టలు అల్లే నాన్నగారిని ఒక రోజు బడికి పిలవండి.

ఈ పత్రిక కింద ఒక తెల్లకాగితం అంటించాం. అందరూ మీ మాట రాయండి. నాతో ఒప్పుకోనివాళ్ళు ముందు రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని