అమ్మ చీర అంచు ఏ రంగు?

ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని మీ అమ్మగారిని తలచుకోండి. నుదుట బొట్టు ఎంత ఉండేది? చీర అంచు ఏ రంగు? నాకైతే పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ కళ్ళముందు మెదిలింది గానీ, అంచు రంగు ఎంతకీ తట్టలేదు. మనసు చివుక్కుమంది సుమండీ!

తోట వైకుంఠంగారి బొమ్మలు మీరు చూసే ఉంటారు. ఇంతేసి బొట్టు, ముక్కుపుడక, ముదురు రంగు చీరలతో నిండుగా ఉండే తెలంగాణ స్త్రీలు. ఆయన 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులో, బరోడాలో చదువుకున్నా, బొమ్మల్లోకి వచ్చింది మాత్రం ఊళ్ళో చూసిన ఆడవాళ్ళూ, వాళ్ళమ్మగారూనూ. చిన్నప్పుడు ఊరికొచ్చిన నాటకాల్లో మగవాళ్ళు కట్టిన ఆడవేషాలు కూడా ఆయన మనసులో నిలిచిపోయాయట. చూసింది కొంత, ఊహ కొంత!

మనకూ అంతే. గుర్తులేనిచోట ఊహ వచ్చి పూరిస్తుంది, తప్పేం లేదు. ఈ మధ్యాహ్నం పని అయ్యాక పిల్లల రంగు పెన్సిళ్ళు తీసుకుని అమ్మ బొమ్మ గీయండి. వంకరపోతే పోనీండి. నేను అంచుకి ఎరుపు వేశాను. మా అక్కయ్య చూసి, "ఎరుపేమిటే, ఆకుపచ్చ కదూ!" అంది.

చూశారా, గీయబట్టే కదా అంచు దొరికింది!