టీ బల్ల దగ్గరే ఆగిపోతున్నారా?

మొదటిసారి బిజినెస్ నెట్‌వర్కింగ్ కార్యక్రమానికి వెళ్లినప్పుడు నేను మాట్లాడింది ఒక్కరితోనే. టీ ఇచ్చే కుర్రాడితో. 'చక్కెర తక్కువ' అన్నాను, అంతే. టికెట్ ఎనిమిది వందలు. మెడలో బ్యాడ్జీ, జేబులో అప్పు చేసి కొట్టించిన ఇరవై విజిటింగ్ కార్డులు. మూడు గంటల తర్వాత ఇరవై కార్డులతోనే ఇంటికొచ్చాను. హాల్లో అందరూ ఒకరికొకరు ముందే తెలిసినట్టు, గుంపులు గుంపులుగా నిలబడి ఇంగ్లిష్‌లో నవ్వుకుంటున్నట్టు అనిపించింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఇలాంటివి ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉన్నాయి. 2015లో ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలైన టీ-హబ్ 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనంలోకి మారింది. మహిళల కోసం వీ-హబ్ ఉంది. వీటికి తోడు హైటెక్స్ ఎగ్జిబిషన్లు, కో-వర్కింగ్ ఆఫీసుల్లో మీటప్‌లు. ఎక్కడికెళ్లినా ఓ మూల నలుగురైదుగురు కుర్రాళ్లు ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉంటారు. పలకరిస్తే నల్గొండో, ఒంగోలో, ఆదిలాబాదో అంటారు. 'మాకు ఇంగ్లిష్ రాదు సార్, అందుకే' అంటారు. నేను ఒప్పుకోను.

మా మేనమామకు ఇంగ్లిష్ రాదు. పెళ్లిలో బంతిలో కూర్చున్నాక పక్కాయన్ని 'మీదే ఊరండీ?' అని మొదలుపెడతాడు. పులుసు వడ్డించేలోపు వాళ్ల ఊళ్లో బోర్ల సంగతి, ఆయన తమ్ముడి ఎరువుల దుకాణం సంగతి బయటికొస్తాయి. పెరుగన్నం దగ్గర ఫోన్ నంబర్లు మారతాయి. రెండేళ్ల తర్వాత ఎక్కడైనా ఎదురుపడితే 'మీ తమ్ముడి షాపు ఎలా ఉందండీ?' అని అడుగుతాడు. అవతలి మనిషి కరిగిపోతాడు. అడగడం, వినడం, గుర్తుపెట్టుకోవడం. నెట్‌వర్కింగ్ అనే మాట ఆయన ఎప్పుడూ విని ఉండడు.

ఇదంతా పైరవీ కాదా అని కొందరు మొహం చిట్లిస్తారు. పైరవీ అంటే అర్హత లేనివాడికి దొడ్డిదారి తెరిపించడం. ఇది, ఖాళీ ఉన్న సంగతి మన చెవిన పడేలా చూసుకోవడం. పెద్ద కంపెనీలో బాబాయి ఉన్నవాడికి ఆ కబురు ఇంట్లో భోజనాల దగ్గరే తెలుస్తుంది. లేనివాడికే ఈ హాళ్లు అవసరం. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త 1973లో ఓ పరిశోధనా వ్యాసం రాశారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిని, 'ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు?' అని అడిగారాయన. తరచుగా అన్నవాళ్లు దాదాపు ఆరుగురిలో ఒక్కరే. మిగతావాళ్లకు ఎప్పుడో ఒకసారి కలిసే ముఖపరిచయస్తులే దారి చూపారు. మన రూమ్మేట్‌కు తెలిసిన కబుర్లు మనకూ తెలుసు కదా మరి!

అసలు పని ముందురోజు రాత్రే. వక్తలెవరో, వచ్చే కంపెనీలేవో చూసి ముగ్గురిని ఎంచుకోండి. ముగ్గురు చాలు. వాళ్లేం చేస్తున్నారో చదివి, గూగుల్‌లో జవాబు దొరకని ప్రశ్న ఒక్కొక్కరికి ఒకటి రాసుకోండి. ఇక మీ పరిచయం. 'మెకానికల్ చేశాను సార్, జాబ్ చూస్తున్నాను' అంటే ఎదుటివాళ్లు తలూపి పక్కకు చూస్తారు, వాళ్లకు వేరే దారి లేదు. 'గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల కరెంటు ఖర్చు మీద ప్రాజెక్టు చేశాను, మీ సెన్సర్లు అంత చలిలో పనిచేస్తాయా?' అని అడిగి చూడండి. కంపెనీ అధిపతైనా ఆగుతారు. ఉద్యోగం మాట ఆ రోజు ఎత్తకపోయినా నష్టం లేదు. రెజ్యూమె చేతిలో పెట్టడం మాత్రం వద్దు.

చిన్న విషయాలు కొన్ని. పావుగంట ముందే వెళ్లండి. అప్పటికి గుంపులు కట్టవు, ఒంటరిగా నిలబడినవాళ్లు దొరుకుతారు. ఏదైనా తినే వెళ్లండి, చేతిలో ప్లేటుంటే మాట సాగదు. ఎదుటివారి పేరు చూసి తెలుగువారనిపిస్తే 'తెలుగులో మాట్లాడొచ్చాండీ?' అని అడగండి. చాలాసార్లు వాళ్లే ఊపిరి పీల్చుకుంటారు. అమ్మాయిలు కార్డు మీద సొంత నంబరు వేయించాల్సిన పనిలేదు, మెయిల్ ఐడీ సరిపోతుంది.

నిర్వాహకులనూ ఒక మాట అనాలి. రెండున్నర గంటలు ఉపన్యాసాలు, సన్మానాలు, శాలువాలు. చివర్లో పావుగంట టీ. దీనికి నెట్‌వర్కింగ్ అని పేరు పెట్టి విద్యార్థుల దగ్గర డబ్బు వసూలు చేయడం అన్యాయం. డబ్బు కట్టేముందు కార్యక్రమ పట్టిక చూడండి. మాట్లాడుకోవడానికి గంట కూడా లేకపోతే, పదిహేనుమంది వచ్చే ఉచిత మీటప్పే వంద రెట్లు నయం.

ఎక్కువమంది చేజార్చుకునేది మాత్రం తర్వాతి రోజు. బయటికొచ్చి మెట్రో ఎక్కేలోపే కార్డు వెనక ఏం మాట్లాడుకున్నారో రెండు ముక్కలు రాసుకోండి. మర్నాడు మెసేజ్ పెట్టండి: 'నిన్న ఫలానా విషయం చెప్పారు, మీరన్న వీడియో చూశాను, నాకీ సందేహం వచ్చింది.' లింక్డిన్‌లో ఒట్టి రిక్వెస్టు పంపితే మీరెవరో వాళ్లకు గుర్తుండదు.

రెండోసారి వెళ్లినప్పుడు నేను ఒకే ఒక్కాయనతో మాట్లాడాను, పది నిమిషాలు. వాళ్ల కంపెనీలో ఖాళీలు లేవన్నారు. మర్నాడు థ్యాంక్స్ చెప్పి, ఆయన అడిగిన ఓ లింకు పంపాను. ఏడు నెలల తర్వాత ఆయన దగ్గర్నుంచి మెసేజ్: 'మా ఫ్రెండ్ ఎవరినో వెతుకుతున్నాడు, మాట్లాడతావా?' ఆ ఫ్రెండ్ ఆఫీసులో మూడేళ్లు పనిచేశాను. పాత విజిటింగ్ కార్డుల్లో పందొమ్మిది ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి.