దీవులు రెండు చాలును

గతమాసమున నొక సోదరి మాకు లేఖ వ్రాయుచు, దానితో నొక పట్టికను జతపఱచినారు. మే నెలాఖరున బయలుదేరి మధ్యధరా సముద్రమందలి గ్రీసు దీవులను చూచి రావలెనని వారి కుటుంబము సంకల్పించినదట. పది దినములు, ఆఱు దీవులు. వెళ్లువారు దంపతులు, ఇద్దఱు పిల్లలు, అత్తగారు. పట్టిక ముచ్చటగానే యున్నది. కాని ఆఱు దీవులనగా ఆఱు మాఱులు పెట్టెలు సర్దుట, ఆఱు మాఱులు విప్పుట. ఆ పని యెవరి పాలబడునో పట్టికలో లేదు. వ్రాయకున్నను మన మెఱుగుదుము.

మేమును మొదటిసారి యిట్లే చేసితిమి. తొమ్మిది దినములలో నాలుగు దీవులు పెట్టుకొంటిమి. ఓడ కొఱకు తెల్లవాఱుజామున లేచుట, క్రొత్త బస చేరి గది యింకను సిద్ధము కాలేదని వీధిలో పెట్టెలపై గూర్చుండుట, ఇదియే మా విహారమైనది. కడపటి దినమున గాలి రేగి మా యోడ నాక్సోస్ రేవులోనే నిలిచిపోయినది. ఏథెన్సులో విమానము మా కొఱ కాగలేదు. ఏడాది పొడవున కూడబెట్టిన సొమ్ములో పెద్దభాగము క్రొత్త టిక్కెట్లకే చెల్లినది.

ఏజియన్ సముద్రమున గాలిని లెక్కలోనికి తీసికొనక పట్టిక వ్రాయరాదు. బోఫోర్టు కొలతలో గాలి 8 ప్రాంతమునకు చేరినచో ఓడలను సాధారణముగా రేవు విడువనీయరు. వేగపు చిన్న యోడలను అంతకు ముందే యాపుదురు. మెల్తెమి యను ఉత్తరపు గాలి జూలై, ఆగస్టు నెలలలో ముమ్మరముగా వీచును. కావుననే మే నెలాఖరు, జూన్ మొదటి పక్షము మేలు. మన బడులును జూన్ రెండవ వారము ప్రాంతముననే గదా తెఱచెదరు. అయినను గాలి మాట నమ్మరానిది. తిరుగు విమానమునకు ముందురాత్రి తప్పక ఏథెన్సులోనే పండుకొనవలెను. మే 1వ తేదీని మాత్రము ఓడకు పెట్టుకొనవలదు. కార్మిక దినమగుటచే ఆనాడు అచ్చటి నావికులు తఱచుగా సమ్మె చేయుదురు.

ఇక నే దీవులు? మా యభిప్రాయమున పారోస్, నాక్సోస్ రెండును చాలును. ఏథెన్సు చెంతనున్న పిరేయస్ రేవునుండి పెద్ద యోడపై పారోసునకు నాలుగైదు గంటలు. పారోస్ నుండి నాక్సోసునకు గంటకు లోపే. నాక్సోసులో పట్టణము నానుకొనియే సెయింట్ జార్జి తీరము కలదు. అచ్చట నీరు చాల దూరమువఱకు లోతు లేకుండును, ఇసుక మెత్తన. అత్తగారు నీడను గూర్చుండి పిల్లలను కంటితో కనిపెట్టి యుండవచ్చును. మన విశాఖతీరమువలె అలలు వచ్చి కాళ్లక్రింది యిసుకను లాగివేయునట్టి భయము తక్కువ, ఆటుపోటులును స్వల్పము. చలి మాత్రము కలదు. మే నెలలో మన బంగాళాఖాతపు నీరు 28 డిగ్రీలు దాటియుండగా, అచ్చట నెలాఖరునకు 20 ప్రాంతమున నుండును. పిల్లలను మధ్యాహ్నమే నీట దింపుడు.

ఓడయెక్కుట గూర్చి యొక మాట. పెట్టెలను క్రింది యంతస్తున అరలలో మనమే పెట్టుకొనవలెను. దిగవలసిన రేవు రాకమునుపే క్రిందికి వచ్చి, తలుపు దగ్గఱ పెట్టెలతో సిద్ధముగా నిలువవలెను. ఓడ రేవులో కొలది నిమిషములే యాగును. కావున ఎవరి పెట్టె వారే యెత్తగలిగినంత బరువుండవలెను. పచ్చడి జాడీలు, అటుకుల డబ్బాలు చేర్చి ఇల్లాలి చేతికి మూడు సంచులు తగిలించుట మాకు సమ్మతము కాదు.

బసలో వంటగది యుండవలెనా యని ఆ సోదరి యడిగినారు. వలదని మా గట్టి సలహా. వంటగది యున్నచో బియ్యము వచ్చును, కుక్కరు వచ్చును, సాయంకాలమునకు సముద్రము కిటికీలోనుండియే కనబడును. కాఫీకి నీళ్లు కాచుకొను పాత్ర యొకటి యున్న చాలును. శాకాహారులకు గ్రీసుదేశమున పస్తు లేదు. సాంటొరినీ దీవి ఫావా యనునది పసుపుపచ్చని పప్పును మెత్తగా నుడికించి నూనె పోసినది. మన ముద్దపప్పునకు చెల్లెలే. కూరగాయలు నూనెలో కాల్చిన బ్రియాము, బియ్యము కూరిన టొమాటోలగు యెమిస్తా కలవు. ఈ రెండవదానిలో కొందఱు మాంసమును కూరుదురు, అడిగి తీసికొనవలెను. మాంసము లేనిదానిని వారు అనాథ యని పిలుతురు! అక్కడి క్రైస్తవుల ఉపవాసపు వంటకములకు నిస్తీసిమా యని పేరు. అందు మాంసము, పాలు, గ్రుడ్లు లేకున్నను, పీతలు, ఆక్టోపస్ వంటివి యుండవచ్చును. మడిగల యత్తగారికి ఈ సంగతి ముందే చెప్పుట మంచిది.

వీసా పని ప్రయాణమునకు ఆఱు నెలల ముందునుండియే చేయవచ్చును. పదునైదు దినములకు లోబడి దరఖాస్తు పెట్టుట కుదరదు. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆఱు మొదలు పండ్రెండేండ్లలోపు పిల్లలకు 45. వైద్య ఖర్చులకు 30,000 యూరోలకు తక్కువకాని ఇన్సూరెన్సు కావలెను. వేసవికి రద్దీ మెండు, జనవరిలోనే మొదలిడుడు.

పిల్లలు సాంటొరినీ చూడవలసినదే యని పట్టుపట్టినచో, నాక్సోస్ నుండి రెండు గంటల చిల్లర ప్రయాణము, ఒక రాత్రి బస. అది క్రీస్తునకు పూర్వము 1600 ప్రాంతమున నగ్నిపర్వతము ప్రేలి మిగిలిన కొండయంచు. చూడదగినదే, మెట్లు మెండు గావున అత్తగారి మోకాళ్ల నడిగి నిర్ణయింపవలెను. సోదరి సవరించిన పట్టికను మాకు మరల పంపినచో సంతోషింతుము. అందు ఓడలెక్కు దినములను ఎఱ్ఱసిరాతో గుర్తించి, ప్రక్కన పెట్టెలు సర్దువారి పేరు కూడ వ్రాయవలెను. భర్తగారి పేరొక్క దినమైనను కనబడునేమో చూతుము.