పార్శ్వపునొప్పి – మెదడులోని మచ్చలు

పార్శ్వపునొప్పితో చీకటిగదిలో పండుకొనిన స్త్రీని, పని తప్పించుకొను నెపమని ఆడిపోసికొను ఇండ్లు నేటికిని గలవు. నెదర్లాండ్సు దేశపు వైద్యులు ఈ నొప్పిగల 295 మందిని, నొప్పి యెరుగని 140 మందిని ఎం.ఆర్.ఐ. యంత్రముతో పరీక్షించి 2004లో ఫలితములు ప్రకటించిరి. నొప్పిగల స్త్రీల మెదడు లోపలి తెల్లని భాగమున చిన్న మచ్చలు అధికముగా నుండెను. తొమ్మిదేండ్లకు మరల చూడగా ఆ స్త్రీలలో మచ్చలు పెరిగినను, అందువలన బుద్ధి మందగించినట్లు కానరాలేదని 2012లో తెలిపిరి. కావున పటమున మచ్చ కనబడినంతనే బెంగగొనవలదు. మచ్చ లేకున్నను నొప్పి అబద్ధము కాదు. రోగి చెప్పు లక్షణములనుబట్టియే వైద్యులు దీనిని నిర్ణయింతురు. అయితే తలనొప్పి పిడుగువలె హఠాత్తుగా వచ్చినను, మాట తడబడినను, కాలుసేతులు పట్టుదప్పినను క్షణమైన జాగుసేయక ఆసుపత్రికి బోవలెను. కోడలు చెప్పుకొను బాధను నమ్మి వినుటయే అత్తగారు చేయదగిన మొదటి చికిత్స యని మేము తలంచుచున్నాము.